చాటు గుర్తులు ఎట్లా బయటపడ్డాయంటే

మా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు నేను చిట్యాలలో నా దుకాణంలో ఎవరిదో పాసుబుక్కు జిరాక్సు తీస్తున్నాను. ఆత్మకూర్ దిక్కు నుంచి అతను ఎప్పుడు ఫోన్ చేసినా ముందు వానల సంగతి, మేత సంగతి చెప్పి, ఆ తర్వాత అసలు మాటకు వస్తాడు. ఆ రోజు నేరుగా వచ్చాడు.

"బావా, నన్ను దొంగ అంటున్నరు."

"ఎవలురా?"

"అందరు. తిరుమలగిరి దిక్కెల్లి ఒక అక్క వచ్చింది. నా దొడ్ల ఆగిన మూడు సూడిగొర్లు, కడుపుతోని ఉన్నయి, తనయే అంటది. చాటు గుర్తు సక్కగ చెప్పింది. కని నేను ఆటిని వారం కిందనే ఇచ్చేసిన గద."

"ఎవనికిచ్చినవ్?"

"గుర్తు చెప్పినోనికి. గా అక్క చెప్పినట్టే చెప్పిండు బావా, జర గూడ తేడా లేదు. మరి ఇయ్యకుంట ఎట్లుంట?"

గొర్ల కాపరుల ఇళ్ళలో పుట్టనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొర్రె చెవికి వేసే కోత అందరికీ కనపడుతుంది. దాన్నిబట్టి ఏ ఊరి మందో చెప్పవచ్చు, అంతే. ఎవరిదన్నది చాటు గుర్తులో ఉంటుంది. పిల్ల కాస్త పెరిగాక సన్నటి ఇనుప పుల్ల కాల్చి, ఉన్ని కింద కనపడని చోట వాత పెడతారు. ఒకరింట్లో తోక మొదట్లో రెండు చుక్కలు, ఇంకొకరింట్లో తొడ లోపల ఒక గీత. అది ఆ ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎండాకాలం మందలు కృష్ణ ఒడ్డుకు దిగేటప్పుడు దారిలో రెండు మందలు కలిసి విడిపోతే, ఒకటో రెండో పరాయి మందలో ఉండిపోతాయి. పట్టుకున్నవాడు వాటిని తన దొడ్డిలో విడిగా ఉంచుతాడు. వెతుక్కుంటూ వచ్చినవాడు గొర్రెను చూడకముందే గుర్తు చెప్పాలి. చెబితే ఇచ్చెయ్యాలి. కార్డు అడగరు, సాక్షిని అడగరు. చెప్పలేకపోతే ఎంత పెద్దమనిషి అయినా మజ్జిగ తాగించి పంపించేస్తారు.

కాబట్టి మా బామ్మర్ది పద్ధతి తప్పలేదు. కానీ ఒకే గుర్తు ఇద్దరు చెప్పారు. ఒకరు గొర్రెల సొంతదారు. ఆమె కాక ఆ వాతను కళ్ళతో చూసినవాడు మా బామ్మర్ది ఒక్కడే. ఎవరు లెక్క వేసినా అతని మీదికే వస్తుంది: గొర్రెలను తానే అమ్ముకుని, ఎవడో వచ్చి గుర్తు చెప్పి తీసుకుపోయాడని కథ అల్లాడని.

"ఐతారం సంఘం కూసుంటది బావా. నాతోని ఇంక ఎవలు మందలు కలపరంట."

ఆ మాట వినగానే జిరాక్సు మిషను ఆపేశాను. ఎండలు ముదురుతున్నాయి, మందలు బయలుదేరే రోజులు దగ్గర పడ్డాయి. నలుగురైదుగురి మందలు కలిస్తేనే ఏటి దాకా పోవడం, రేయింబవళ్ళు వంతులవారీగా కావలి కాయడం సాధ్యం. ఒంటరివాడు ఇంటి దగ్గరే ఉండిపోతాడు, ఇంటి దగ్గర అప్పటికే గడ్డిపరక లేదు. మందలు కలపకపోతే మా బామ్మర్ది గొర్రెలు అతని కళ్ళముందే ఎండిపోతాయి.

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. బామ్మర్ది ఆమె తమ్ముడు. ఆమె చింతపండు పిసుకుతూ అంతా విన్నది.

"మా తమ్ముడు అబద్ధం ఆడడు. గా గుర్తు వాడు ఎవలకు చెప్పిండు?"

"గొర్లు దొరికినయని నాకు రాసిచ్చిండు."

"నువ్వు ఎవలకు చెప్పినవ్?"

"ఎవలకు చెప్పలే."

"మిషిన్‌కు చెప్పినవ్ గదయ్యా."

ఆమె బడి ముఖం చూడని మనిషి. నేను రెండు రోజుల తర్వాత కనిపెట్టినదాన్ని ఆమె చింతపండు గిన్నె ముందు కూర్చుని ఒక్క మాటలో తేల్చింది. నాకు కోపం వచ్చింది. చెప్పులు వేసుకుని మళ్ళీ దుకాణానికి పోయాను. అక్కడా కూర్చోలేక హైవే దాకా నడిచి, లారీలను చూసి, తిరిగి వచ్చాను.

ఆమె మిషను అన్నది జిరాక్సు మిషనును కాదు, కంప్యూటరును. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆపైన నేర్చినదంతా రేడియోలు విప్పి, ముందు పాడుచేసి, తర్వాత బాగుచేసి నేర్చుకున్నదే. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. యాభై దాటాక ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ సైట్లు కట్టడం నేర్చాను. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అడిగితే నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ నవ్వులు నాకు పేరుపేరునా గుర్తున్నాయి.

రాష్ట్రం వచ్చి, సర్కారు గొర్రెలు పంచాక ఊళ్ళలో గొర్రెలు పెరిగాయి. మందలు పెరిగితే తప్పిపోయేవీ పెరిగాయి. అప్పుడు తప్పిన గొర్రెల కోసం ఒక సైటు కట్టాను. దొరికినవాడు ఎక్కడ దొరికాయో, ఎన్ని దొరికాయో, చాటు గుర్తు ఏమిటో రాసిస్తాడు. మందలున్నవాళ్ళు తమ గుర్తు ముందుగానే రాసి పెట్టుకోవచ్చు, గొర్రె పోయినప్పుడైనా రాసివ్వచ్చు. బయటికి ఊరి పేరు, గొర్రెల సంఖ్య, పట్టుకున్నవాడి ఫోన్ నంబరు మాత్రమే కనపడతాయి. గుర్తులు లోపలి అరలో ఉంటాయి. రెండు గుర్తులు కలిస్తే ఇద్దరికీ మెసేజు పోతుంది. ఆత్మకూర్ కాపరుల సంఘం పెద్ద మొదట ఒప్పుకోలేదు.

"నోట్లె ఉంటెనే అది చాటు. రాసి పెట్టినంక ఇంకేం చాటు?" అన్నాడు.

"ఇది కాయితం కాదన్నా, తాళమున్న పెట్టె" అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. చివరికి ఆయన కూడా తన గుర్తు ఇచ్చాడు.

ఊరి పేరు కొట్టి వెతికే పెట్టె ఒక్కటి నేను చేసింది కాదు. అది ప్లగిన్. అంటే ఎవరో ఎక్కడో తయారుచేసి ఉచితంగా పెట్టిన ముక్క. తెచ్చి మన సైటుకు తగిలించుకుంటే పనిచేస్తుంది. అందులో అన్నీ ఇంగ్లీషు మాటలే. మా కాపరులకు ఇంగ్లీషు ఎక్కడిది? నేను ఆ ప్లగిన్ ఫైలు తెరిచి, ఇంగ్లీషు మాటలు ఉన్నచోటల్లా చేత్తో తెలుగు పెట్టాను. "ఊరి పేరు కొట్టండి." "ఏమీ దొరకలేదు, మళ్ళీ చూడండి." ఆ రెండు వాక్యాలు మొదటిసారి తెరమీద చూసినప్పుడు నాకు కలిగిన గర్వం నా పిల్లల పెళ్ళిళ్ళలో కూడా కలగలేదు.

భార్య అన్న మాట రెండు రోజులు చెవిలో తిరిగింది. ఆఖరికి సైటుకు ఎవరెవరు వచ్చారో, ఏం అడిగారో రాసి ఉండే లాగ్ ఫైలు దించాను. వేల వరుసలు. అన్నీ మామూలే: ఎవరో ఆత్మకూర్ అని వెతికారు, ఎవరో ఇంకో ఊరి పేరు వెతికారు. ఒక్కో వెతుకుడుకు సైటు పంపిన జవాబు ఎంత పెద్దదో కూడా అందులో ఉంటుంది. అన్నీ చిన్నవి. మధ్యలో ఒక జవాబు మాత్రం మిగతావాటికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆ వరుసలో ఊరి పేరు ఉండాల్సినచోట ఊరి పేరు లేదు. సగం వాక్యం ఉంది. డేటాబేస్‌కు మనం ఆజ్ఞ ఇచ్చే భాష ఎస్‌క్యూఎల్. ఆ భాషలో రాసిన ఆజ్ఞ అది. అందులో గుర్తుల అర పేరు స్పష్టంగా ఉంది.

నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. దుకాణం ముందు ఎవరో ఫొటో కావాలని అడుగుతుంటే రేపు రమ్మన్నాను.

జరిగింది ఇది. దవాఖానలో మందుల కిటికీ దగ్గర డాక్టరు రాసిన చీటీ ఇస్తారనుకోండి. రోగి పేరు రాసే జాగా ఖాళీగా ఉంది. ఒకడు అక్కడ తన పేరు రాసి, దాని కిందే డాక్టరు రాసినట్టు ఇంకో వాక్యం చేరుస్తాడు: బీరువాలో ఉన్నవన్నీ కూడా ఇవ్వండి. కిటికీ లోపలి మనిషి చీటీ అంతా డాక్టరు మాటే అనుకుని బీరువా ఖాళీ చేస్తాడు. పెట్టెలో కొట్టింది పేరా ఆజ్ఞా అని నా ప్లగిన్ చూడలేదు. కొట్టినదాన్ని కొట్టినట్టే ఆజ్ఞలో అతికించింది. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. చీటీ మీద పేరుకు ఒక గడి గీసి, ఆ గడిలో ఏం రాసినా పేరే తప్ప ఇంకేమీ కాదని కట్టడి చేస్తే సరిపోయేది. అప్పుడు కిటికీ లోపలి మనిషి ఆ పొడుగు వాక్యాన్ని పేరులాగా పిలుస్తాడు, ఎవరూ పలకరు, అక్కడితో అయిపోతుంది. పని అంత చిన్నది.

ఆ చిన్న పనిని ప్లగిన్ చేసినవాళ్ళు ఎప్పుడో చేసేశారు. కొత్త వెర్షన్ కూడా పెట్టారు. నా సైటు లోపలి పేజీలో "అప్‌డేట్ ఉంది" అని ఎర్ర చుక్క నెలల తరబడి కనపడుతూనే ఉంది. నేను రోజూ చూశాను. నొక్కలేదు.

ఎందుకంటే ఒకసారి నొక్కాను. నొక్కగానే నేను పెట్టిన తెలుగు మాటలన్నీ పోయి ఇంగ్లీషు తిరిగి వచ్చింది. మళ్ళీ అన్నీ చేత్తో మార్చడానికి మూడు రోజులు పట్టింది. ఆ రోజే అనుకున్నాను, ఇక దీన్ని ముట్టుకోనని.

నాకు ఆ ప్లగిన్ చేసినవాళ్ళ మీద ఇప్పటికీ మంటే. ఆ నోటీసులో ఏం రాశారో తెలుసా? చిన్న సవరణలు, భద్రతలో కొంత మెరుగుదల అని. ఇంటి దూలం విరిగి నెత్తిన పడబోతుంటే, ఇల్లు కొంచెం సర్దామని చెప్పినట్టు. అది కూడా ఇంగ్లీషులో. ఈ నేల మీద ఇంతమంది ఈ ముక్కలు వాడుతుంటే, తెలుగులో ఒక్కడు కూడా "ఇది ప్రమాదం, ఇవాళే మార్చండి" అని రాయడా? సైటుకు జాగా కిరాయికి ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ ప్లగిన్లు మీరే చూసుకోవాలి సార్" అని పెట్టేసింది ఒక అమ్మాయి. అందరూ మర్యాదగానే మాట్లాడారు. వాళ్ళెవరి గొర్రే పోలేదు మరి.

ఇంత తిట్టాక ఇంకొకటి కూడా చెప్పాలి. తెలుగు మాటలను వేరే ఫైలులో పెట్టుకుంటే ఎన్ని అప్‌డేట్లు వచ్చినా చెరిగిపోవు. ఆ పద్ధతి మొదటినుంచీ ఉంది. నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఎవరినైనా అడగాలి. నవ్వుతారని నేను అడగడం మానేసి ఎన్నో ఏళ్ళయింది.

సైటు నకలు ఒకటి నా లాప్‌టాప్‌లో పెట్టి, నెట్టు తీసేసి, లాగ్‌లో ఉన్న ఆ వాక్యాన్నే వెతికే పెట్టెలో కొట్టాను. గుర్తులన్నీ వరుసగా దిగాయి. తోక మొదలు, తొడ లోపల, డొక్క కింద. ఇంటింటి చాటు గుర్తూ, ఏది ఎవరిదో పేరుతో సహా. మా బామ్మర్ది రాసిచ్చిన మూడు సూడిగొర్రెల గుర్తు కూడా.

ఆ క్షణంలో నాకు ఒక నీచమైన ఆలోచన వచ్చింది. సైటు చెరిపేస్తే ఎవరికి తెలుస్తుంది? లాగ్ నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. గంటసేపు ఆ ఆలోచనతో దుకాణంలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత బామ్మర్ది మంద గుర్తుకు వచ్చింది. సైటు మూసేసి, బయటివాళ్ళు ఎవరూ చూడకుండా చేశాను. లాగ్ మాత్రం కాగితం మీద అచ్చు తీసుకున్నాను.

ఆదివారం బస్సులు మారి ఆత్మకూర్ చేరాను. లాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకున్నాను. ఏ వాక్యమూ రెండు స్టాపుల దాకా నిలవలేదు.

సంఘం రేకుల షెడ్డులో కూర్చుంది. మా బామ్మర్ది ఒక మూల గొంగడి మీద తలవంచుకుని ఉన్నాడు. గొర్రెలు పోగొట్టుకున్న ఆమె ఎదురుగా గడపకు ఆనుకుని కూర్చుంది. యాభై ఉంటాయి, భర్త లేడు, తానే మంద నడుపుతుంది. సంఘం పెద్ద నన్ను చూడగానే అందుకున్నాడు.

"ఏందోయ్ రేడియో! బామ్మర్దిని బయటపడెయ్యనీకి పెట్టె ఎత్తుకొచ్చినవా?"

"నా తప్పు చెప్పనీకి వచ్చిన అన్నా."

"ముందు కూసో. చాయ్ తాగు. తప్పు యాడికి పోతది."

"చాయ్ తాగితే చెప్పలేనన్నా. నువ్వు నీ చాటు గుర్తు ఎవలకన్న చెప్పినవా?"

"నా కోడలుకు గూడ చెప్పలే. నీకు చెప్పిన, నువ్వు నెత్తి తింటే."

"అయితే జర నా పక్కకు రా."

అందరికీ చూపించదలుచుకోలేదు. తెర ఆయనకు ఒక్కడికే కనపడేటట్టు తిప్పి, ఆ వాక్యం కొట్టాను. ఆయన చదువు నాకంటే తక్కువ. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. ఒక చోట వేలు ఆగింది. షెడ్డులో ఎవరో బీడీ ముట్టించబోయి ఆపేశారు. పెద్ద తన అరచేత్తో లాప్‌టాప్ మూత మూసేశాడు.

"ఎవడు చూసిండు గిది?"

"తెల్వదన్నా. గొర్లు తీసుకపోయినోడు చూసిండు. ఇంకెవలు చూసిన్రో తెల్వది. ఎర్ర చుక్క నెలల సంది కనబడ్డది. నేను నొక్కలే. మా బామ్మర్ది ఎవలకు చెప్పలే, ఏం అమ్ముకోలే. అంత నాతోనే అయింది."

అప్‌డేటు, ప్లగిన్, మందుల చీటీ అన్నీ చెప్పాను. సగం మందికి అర్థమై ఉంటుంది. తప్పు ఎవరిదో మాత్రం అందరికీ అర్థమైంది. నలుగురు ఒక్కసారి లేచి అరిచారు. ఒకడు నా సంచిని కాలితో తన్నాడు. బామ్మర్ది లేచి సంచి ఎత్తి పక్కన పెట్టాడు కానీ నా వైపు చూడలేదు.

గడప దగ్గరి ఆమె గొంతు పెంచలేదు.

"నేను నీ మిషిన్ల చేరలే. నా గుర్తు దాంట్లకెట్ల వచ్చింది?"

"నీ గొర్లు దొరికినప్పుడు మా బామ్మర్ది రాసిచ్చిండు చెల్లే. దొరికినోళ్ళు రాయాలని నేనే పెట్టిన."

"నన్నడిగినవా?"

"అడగలే."

"అడగకుంట రాసుకునుడేంది పెద్దమనిషీ? మా ఇంటాయన పోయేముందు నా చెవుల చెప్పిన ముచ్చట అది. నా బిడ్డకు గూడ ఇంక చెప్పలే."

ప్లగిన్ వాళ్ళను తిట్టవచ్చు, కంపెనీని తిట్టవచ్చు, ఇంగ్లీషును తిట్టవచ్చు. ఆమె అడిగినదానికి మాత్రం వాళ్ళెవరూ బాధ్యులు కారు. దొరికిన గొర్రె గుర్తు గొర్రె సొంతదారు సొత్తని నాకు తట్టనే లేదు. నేను కాపరి ఇంట్లోనే పుట్టాను.

పెద్ద మా బామ్మర్దిని పిలిచాడు.

"లేవురా. నిన్ను అన్నదానికి అందరి తరఫున నేను మొక్కుతున్న. నీ మంద మాతోని దిగుతది." నా వైపు తిరిగాడు. "రేడియో, నువ్వు మూడు సూడిగొర్లు తెచ్చి గా అక్క దొడ్ల కట్టెయ్యాలె. మంచియి. మళ్ళ మిషిన్ల మాట నా ముందట ఎత్తకు."

గొర్రెలు తెచ్చి కట్టాను. ఆమె పళ్ళు చూసి, పొదుగు చూసి, ఒకదాన్ని కుంటుతుందని వెనక్కి పంపి, ఇంకొకటి తెప్పించుకుంది. ఠాణాలో కూడా చెప్పాను, రాసుకున్నారు. తీసుకుపోయినవాడి ఫోను అప్పటికే బంద్. ఇప్పటికీ అంతే.

సైటును మళ్ళీ తెరవడానికి నెలలు పట్టింది. వెతికే పెట్టె నేనే రాశాను. కొట్టిన మాట ఆజ్ఞలో కలవకుండా గడిలోనే ఉండేటట్టు రాసి, దొంగ కొట్టినట్టే నేనే అందులో ఆజ్ఞలు ఒకటికి పదిసార్లు కొట్టి చూశాను. బయటివాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పే ఖాతాకు ఊరి పేర్లున్న అర తప్ప ఇంకేమీ తెరిచే హక్కు లేకుండా చేశాను. ఇవన్నీ చేశాక గుర్తుల అరను మొత్తం తీసేశాను. ఇప్పుడు ఫలానా ఊళ్ళో ఇన్ని దొరికాయని మాత్రమే ఉంటుంది. గుర్తు మాత్రం ఆ ఊరికి వెళ్ళి నోటితో చెప్పుకోవాల్సిందే.

ఊరుకోలేక చిట్యాలలో సైట్లున్న వాళ్ళ దగ్గరికల్లా పోతున్నాను. ఒక ప్రైవేటు బడి, ఒక ఫంక్షన్ హాలు, ఒక విత్తనాల దుకాణం. అప్‌డేట్ చేశారా, వాడని ప్లగిన్లు తీసేశారా అని అడుగుతాను. బడి ఆయన నవ్వాడు.

"పెద్దయ్యా, మా సైటుల దొంగలకు ఏముంటది?"

"పిల్లల తల్లులవి ఫోన్ నంబర్లు లేవా?"

నవ్వు ఆగింది కానీ లేచి చేసింది లేదు. వచ్చేవారం మళ్ళీ పోతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

నన్ను వదలని దిగులు వేరే. దొంగ చేతికి పోయిన పాస్‌వర్డును ఐదు నిమిషాల్లో మార్చవచ్చు. గొర్రె ఒంటిమీది వాతను ఎట్లా మారుస్తారు? బయటపడ్డ గుర్తులతోనే పెద్ద గొర్రెలన్నీ ఇంకా మేస్తున్నాయి. అవి బతికినన్నాళ్ళు ఎవడైనా వచ్చి వాటి గుర్తు చెప్పవచ్చు. అందుకని సంఘంలో ఇప్పుడు గుర్తు చెప్పినా ముగ్గురు సాక్షులు కావాలంటున్నారు. మా తాతల నాటి నుంచి లేని మాట అది. కొత్తగా పుట్టిన పిల్లలకు మాత్రం ఇంటింటా కొత్త వాతలు పెడుతున్నారు.

మొన్న బామ్మర్ది దొడ్డిలో ఆ పని ఉందంటే నేనూ నా భార్యా పోయాం. తడికల మధ్య పిడకల నిప్పు రాజుకుంది, ఇనుప పుల్ల ఎర్రబడింది. నా భార్య మొదటి పిల్లను ఒళ్ళోకి తీసుకుని కాళ్ళు పట్టుకుంది. నేను రెండో పక్క పట్టుకుందామని గొంగడి తీసి దగ్గరికి పోయాను. బామ్మర్ది పుల్లను నిప్పులోంచి తీయలేదు.

"బావా."

"ఊ."

"జర అటు తిరుగవా."

నా భార్య నా ముఖం చూసి, తల దించుకుని పిల్ల చెవులు నిమురుతూ కూర్చుంది. నేను తడిక వైపు తిరిగాను. వెనక ఉన్ని కాలిన వాసన వచ్చింది, పిల్ల ఒకసారి అరిచింది. ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు. దొడ్డిలో ఉన్న పిల్లలన్నీ అయ్యేదాకా నేను అట్లాగే నిలబడి ఉన్నాను.